పుల్లరొట్టెకు పీట, కలికుండకు పెరడు

ఈ టపాలో కొంచెం కోపం ఉంటుంది. ముందే చెప్పేస్తే మీరూ సిద్ధపడతారు, నేనూ మర్యాదల బరువు దించుకుంటాను.

కిందటి వేసవిలో మా తమ్ముడి కూతురు న్యూజెర్సీ నుంచి నరసరావుపేట వచ్చింది. పెట్టె విప్పగానే చాక్లెట్లకన్నా ముందు ఒక చిన్న ప్లాస్టిక్ పొట్లం తీసి, తిరుపతి ప్రసాదం ఇచ్చినంత భక్తిగా నా అరచేతిలో పెట్టింది. లోపల ఎండిన పిండి పెళ్ళలు. "పెదనాన్నా, ఇది సౌర్‌డో స్టార్టర్. నూరేళ్ళ నాటిదట. జాగ్రత్తగా చూసుకోండి" అంది. ఇంట్లో రొట్టెలు కాల్చే పిచ్చి నాకు 2020 లాక్‌డౌన్ నాటి నుంచి ఉందని ఆ పిల్లకు తెలుసు. ప్రపంచంలో సగంమంది ఇళ్ళలో కూర్చుని పిండి పులియబెట్టిన ఆ నెలల్లో నేనూ ఒక సీసా పెట్టాను. అది మూడుసార్లు చచ్చి, నాలుగోసారి బతికింది. ఆ కథ తర్వాత చెబుతాను.

పొట్లం చేతులు మారింది. మా మరదలు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని "ఎంత కమ్మటి పులుపో!" అంది. అంతకు సరిగ్గా గంట ముందు, మా అమ్మ వంటింట్లో అంబలి గిన్నె మూత తీసినందుకు, "అత్తయ్యా, ఆ పులిసిన కంపు ఇల్లంతా పట్టేస్తుంది, పెరట్లో పెట్టుకోండి" అన్నది కూడా ఆవిడే. రెండు వాసనలూ ఒకటేనని నేననను. కాని రెండింటిలోనూ ప్రధానంగా ఉన్నది లాక్టిక్ ఆమ్లమే. ఒకదానికి పీట వేసి, ఇంకొకదాన్ని పెరట్లోకి పంపేటంత తేడా ఆ రెంటి మధ్య లేదు.

ఇంతలో మా బావగారు అందుకున్నారు. "ఇవన్నీ మన పూర్వులకు ఎప్పుడో తెలుసు బావా. మన దగ్గర కొట్టేసి మనకే అమ్ముతున్నారు" అని. వారింట్లో ఇడ్లీ పిండి కూడా పదిహేనేళ్ళుగా పొట్లాల్లోనే వస్తోంది. ఆఖరుసారి ఆ ఇంట్లో ఏదైనా పులిసి పొంగింది ఎప్పుడు బావా అని అడుగుదామనుకుని బంధుత్వానికి దడిసి ఊరుకున్నాను. బంధువులెవరూ ఈ పేజీలు చదవరన్న ధైర్యంతో ఇక్కడ అడుగుతున్నాను :-)

నా తగువు వీళ్ళిద్దరితోనూ. బయటినుంచి వస్తేనే పులుపు కమ్మగా ఉంటుందనేవారితో ఒకటి, చేతికి పిండి అంటకుండా పూర్వుల గొప్పలు చెప్పుకునేవారితో రెండోది. మూడోవాడొకడున్నాడు, వాడి సంగతి చివర్లో వస్తుంది.

ముందు పేరు గొడవ తీర్చుకుందాం. మనలో పదాలు పుట్టించే సరదా ఉన్నవారు చాలామందే కాబట్టి సౌర్‌డోను ఏమనాలో ఎవరో ఒకరు అడుగుతారు. కొత్తగా పుట్టించాల్సిన పని లేదు. తెలుగు బైబిలు చదివినవారికి "పులియని రొట్టెల పండుగ" తెలుసు, "పులిసిన పిండి" తెలుసు. జర్మనీలో 1793లో పుట్టిన హయ్యర్ అనే లూథరన్ మిషనరీ అమెరికా మీదుగా 1842లో గుంటూరు చేరి, కొన్నేళ్ళకు మా గురజాలకు వచ్చి కాపురం పెట్టాడు. ఫాదర్ హయ్యర్ అంటే ఈ ప్రాంతంలో ఇప్పటికీ చాలామందికి తెలుసు. పుల్లరొట్టె తిని పెరిగే దేశపు మనిషి జొన్నరొట్టె తినే ఊరికి వచ్చి నూట డెబ్భై ఏళ్ళు దాటింది. ఆ బైబిల్లో పిండి పులియడం గురించి చెప్పిన చోటల్లా మన ఆడవాళ్ళు రోజూ వాడే మాటే సరిపోయింది. కాబట్టి నా మట్టుకు నేను స్టార్టర్‌ను తోడుపిండి అనీ, రొట్టెను పుల్లరొట్టె అనీ అంటాను. పెరుగుకు తోడు ఉన్నట్టే పిండికీ తోడు. పాతదాంట్లో కొంచెం మిగిల్చి, కొత్తదాంట్లో కలపడమే కదా అసలు పని.

ఇప్పుడు కలికుండ సంగతి. తెలియనివారి కోసం చెబుతాను. మా ఇంట్లో వసారా మూల, తడిపిన ఇసుక మీద ఒక కుండ ఉండేది. బియ్యం కడిగిన నీళ్ళు, వార్చిన గంజి, ఏ పూటకా పూట అందులో పోసేవారు. పులిసిన నీళ్ళు పైనుంచి తేర్చి వాడుకునేవారు. అడుగున ఉన్నదాన్ని మాత్రం ఎన్నడూ పూర్తిగా వంచేవారు కాదు. ఆ పుల్లనీళ్ళలో జొన్నపిండి రాత్రి కలిపిపెట్టి, తెల్లవారి కాస్తే అంబలి. ఉప్పు, ఉల్లిపాయ, వీలైతే మజ్జిగ. ఎండలో మిరపతోటకు పోయే మనిషికి అది అన్నమూ నీళ్ళూ రెండూను. కొన్ని ఇళ్ళలో దీన్నే తరవాణి అంటారు. పేర్లలో, పద్ధతుల్లో ఊరికీ ఊరికీ తేడాలున్నాయి. అడుగున తోడు మిగల్చడంలో మాత్రం తేడా చూడలేదు.

ఈ కుండ మీద చిన్నచూపు కొత్తది కాదు. కొండవీటి రెడ్డిరాజుల దగ్గర విద్యాధికారిగా వెలిగిన శ్రీనాథుడి పేర పల్నాటి మీద చాటువులు కొన్ని ప్రచారంలో ఉన్నాయి. ఇక్కడి రాళ్ళనూ, తేళ్ళనూ, నీళ్ళనూ, జొన్నతో చేసుకునే ప్రతి వంటకాన్నీ వరసబెట్టి వెక్కిరిస్తాడు. ఈ సీమకొస్తే మన్మథుడంతటివాడు కూడా జొన్నలు తినక తప్పదని ఎగతాళి చేస్తాడు. చమత్కారం గొప్పదే, కాదనను. మా మాస్టారు బడిలో ఆ పద్యాలు చదివినప్పుడు క్లాసంతా పడీపడీ నవ్వాం. పొద్దున్నే అంబలి తాగి వచ్చినవాళ్ళమే నవ్వాం! ఆ నవ్వు గురించి నాకు ఇప్పటికీ కొంచెం బాధగా ఉంటుంది. (తమాషా ఏమిటంటే, ఆయన భోగాలనుభవించిన కొండవీడు 2022లో పల్నాడు జిల్లా ఏర్పడ్డప్పుడు ఇందులోనే కలిసింది. అంటే శ్రీనాథుడూ మా జిల్లావాడైపోయాడు.)

పద్యం వల్లే కలికుండలు పోయాయని చెబితే అది అబద్ధం. 1955 డిసెంబరులో నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్ళు వదిలారు. కుడికాలువ కింద జొన్నచేలు వరిమళ్ళయ్యాయి. కాలువ అందని మెట్ట ఊళ్ళకు కూడా 1983లో రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం పంపింది. జొన్నకూడు కూడా కడుపునిండా దొరకని ఇళ్ళలో తెల్లటి అన్నం ఉడికింది. ఆ అన్నాన్ని తక్కువచేసి ఇవాళ చిరుధాన్యాల మహిమ బోధించేవారంటే నాకు ఒళ్ళు మంట. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరమంది. మంచిదే. మా ఊళ్ళో జొన్నలు తప్ప మరొకటి ఎరగనివాళ్ళకు 1983 అన్నం సంవత్సరం. ఆకలి తీరిన మనిషి ఆకలి నాటి తిండిని వదిలేస్తే తప్పుపట్టే హక్కు కడుపునిండిన నాకు లేదు.

కాని వరి వచ్చినంత మాత్రాన కలికుండ పోవలసిన పని లేదు. గంజి వరిదైనా పులుస్తుంది, నిజానికి ఇంకా బాగా పులుస్తుంది. కుండ పోవడానికి కారణం వేరు. ఆ వాసనకు పేదరికమన్న పేరు పడింది. పేదరికం నుంచి బయటపడ్డామని లోకానికి చెప్పుకోవాలంటే ముందు వాసన పోవాలి.

మూడోవాడి సంగతి చివర్లో అన్నాను గాని, ఇక్కడే చెప్పేస్తాను. వాడు నేనే.

1984లో నరసరావుపేటలో డిగ్రీ చదువుతుండగా, సంక్రాంతి సెలవులకు ఇద్దరు స్నేహితులు మా ఊరు వస్తామన్నారు. ఒకడు గుంటూరువాడు, ఇంకొకడిది తెనాలి. నేను రెండురోజుల ముందే ఇంటికి పోయి, వసారాలో నిలబడి, ఆ కుండ తీసెయ్యమని అమ్మతో గొడవపడ్డాను. "మీవాళ్ళు పోయిందాకా పెరట్లో పెడతాలేరా" అంది. పెరట్లో పెట్టినా వాసన వస్తుందన్నాను. మరి నేను చేసింది ఏమిటంటే, ఆవిడ చేను నుంచి వచ్చేలోగా దాన్ని నేనే ఎత్తుకెళ్ళి కుడితితొట్టిలో వంపేశాను. గేదె తాగింది. కుండ పగలగొట్టలేదు, కడిగి బోర్లించాను, అదేదో పెద్ద మర్యాద అయినట్టు. అమ్మ తిట్టలేదు. "మీ నాయనమ్మ కాపురానికి వచ్చినప్పుటి తోడురా అది" అని మాత్రం అంది. మళ్ళీ పక్కింటినుంచి తెచ్చి పెట్టుకోవచ్చు, పెట్టుకోలేదు. వచ్చినవాళ్ళిద్దరూ అసలు వసారాలో కూర్చోనే లేదు.

అందుకే నూరేళ్ళ నాటి తోడుపిండి అంటూ ఆ పిల్ల నా చేతిలో పొట్లం పెట్టినప్పుడు నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు.

సరే, పిండి దగ్గరికొద్దాం. లాక్‌డౌన్‌లో నేను పెట్టిన సీసా మూడుసార్లు ఎందుకు చచ్చింది? పుస్తకాలన్నీ, వీడియోలన్నీ ఒకటే మాట చెబుతాయి: సమానంగా పిండి, నీళ్ళు కలిపి గదిలో ఉంచండి, రోజుకొకసారి సగం పారేసి కొత్తపిండి వెయ్యండి, వారం పదిరోజుల్లో తయారవుతుంది. గది అంటే వాళ్ళ గది, ఇరవై ఒకటి నుంచి ఇరవైనాలుగు డిగ్రీలు. నరసరావుపేటలో మేనెల గది అంటే తెలుసుగా. వంటింట్లో నా థర్మామీటరు 38 చూపించింది. మొదటి రెండు రోజుల్లో పిండి పొంగింది, నేనూ పొంగాను. ఆ మొదటి పొంగు ఈస్టు పని కాదు, తొందరపాటు బాక్టీరియాలది. పులుపు పెరిగి అవి అణగాక, మూడునాలుగు రోజులు అంతా చచ్చినట్టుంటుంది. అప్పుడే ఈస్టు మెల్లగా తేరుకుంటుంది. ఆ సంగతి తెలియక మొదటిసారి పారేశాను. రెండోసారి తెలిసి కాపాడాను గాని, అది మూడుగంటల్లో పొంగి కూలిపోయేది. పుస్తకంలో పన్నెండు గంటలని ఉంది కదా అని నేను పన్నెండు గంటలూ ఆగేవాణ్ణి. చివరికి రొట్టెపిండి చేతికి జిగురులా సాగి, పళ్ళెంలో పోస్తే అట్టులా పరుచుకుంది.

ఎనభై దాటిన మా అమ్మ ఇదంతా గుమ్మంలో కూర్చుని చూస్తోంది. మూడోది పోయిన రోజున లోపలికొచ్చి, సీసాలో చిటికెనవేలు ముంచి నాకింది.

"ఏందిరా ఇది? ఆకలికి చచ్చింది. మూడు పూటలు తినేదానికి ఒక పూట పెడితే ఎట్టా?"

నేను పుస్తకం చూపించబోయాను. ఆవిడ వినలేదు. "ఎండాకాలం పెరుక్కి ఎంత తోడేస్తాం? చెంచా కొసకు అంటినంత. నువ్వు సగానికి సగం వేస్తివి, అది నిలబడుద్దా? పైగా పొయ్యి పక్కన పెట్టినావు."

పాత మట్టిముంత ఒకటి కడిగించి, తడి ఇసుక మీద పెట్టించి, పైన తడిగుడ్డ చుట్టించింది. పిండికి పదోవంతు తోడు చాలంది. కుండలో నీళ్ళు వాడమంది. నాలుగోది బతికింది, ఇప్పటికీ బతికే ఉంది.

ఆవిడ చెప్పింది ఎంత కచ్చితమో నాకు తర్వాత చదువుకుంటే తెలిసింది. పుల్లపిండిలో ఈస్టుకు ఇరవైయేడు డిగ్రీల దగ్గర హాయి, పులుపునిచ్చే బాక్టీరియాకు ముప్ఫైరెండు దాకా హాయి. అంతకు మించి వేడెక్కితే పులుపు పెరుగుతూనే ఉంటుంది, పొంగు మాత్రం రాదు. ఆమ్లం మితిమీరితే పిండిలోని జిగి తెగిపోతుంది. కాబట్టి తోడు తగ్గించాలి, చల్లబరచాలి, వేళకు మేత వెయ్యాలి. మట్టిముంతకు తడిగుడ్డ చుట్టే కిటుకు మా పొడిఎండల్లో పనిచేసినంత బాగా సముద్రపుటూళ్ళ ఉక్కలో పనిచెయ్యదు. ఇది ఏ పుస్తకంలోనూ నరసరావుపేట కోసం రాసి లేదు. రాయదగ్గ మనిషి గుమ్మంలో కూర్చుని ఉంది, ముప్ఫై ఆరేళ్ళపాటు ఎవరూ అడగలేదు.

రోజూ సగం పిండి పారెయ్యమన్న సలహాకు ఆవిడ స్పందన ఇక్కడ రాయలేను. ఇప్పుడు మిగులు పిండి అట్లపిండిలో కలుస్తుంది.

ఇక బావగారి వాదన. మన దోసెలు, ఇడ్లీలు కూడా పులిసిన పిండివే, నిజం. 1965లో అచ్చయిన ఒక పరిశోధన ఇడ్లీపిండిని పొంగించేది ప్రధానంగా ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడిస్ అనే బాక్టీరియా అని చూపించింది. అంటే ఇడ్లీ పొంగే పద్ధతి వేరు, పుల్లరొట్టె పొంగే పద్ధతి వేరు. అక్కడ ఈస్టు లేకపోతే పని జరగదు, గోధుమలోని గ్లూటెన్ వల పట్టకపోతే ఆ గాలి నిలవదు. "వాళ్ళు మన దగ్గర కొట్టేశారు" అనడం వట్టి మాట. పాతపిండితో కొత్తపిండిని పులియబెట్టడం గురించి రోమన్ ప్లినీ రెండువేల ఏళ్ళ కిందటే రాశాడు. ఇంకో సంగతి చెబితే బావగారికి నిద్రపట్టదు. జొన్న పుట్టిల్లు ఆఫ్రికా. మా మిరప పుట్టిల్లు అమెరికా ఖండాలు. పల్నాటి జొన్నరొట్టె, మిరపకారం, రెండూ పైనుంచి వచ్చి మనవైనవే. సుడాన్‌లో జొన్నపిండిని తోడుతో పులియబెట్టి కాగితంలాంటి పల్చటి అట్టు వేస్తారు, కిస్రా అంటారు. ఇథియోపియాలో టెఫ్ అనే గింజతో ఇంజెరా. మా అంబలికి దగ్గరి చుట్టం వెతకాలంటే పారిస్ రొట్టెకొట్టు కన్నా ఖార్తూమ్ వంటిల్లు దగ్గర. మనవాళ్ళు గర్వపడడానికి ఎప్పుడూ ఐరోపాతోనే పోల్చుకుంటారెందుకో.

నూరేళ్ళ తోడుపిండి భక్తులకూ ఒక కబురు. 1971లో శాన్‌ఫ్రాన్సిస్కో పుల్లరొట్టెలోని బాక్టీరియాకు శాస్త్రజ్ఞులు ఆ ఊరి పేరే పెట్టారు. తర్వాత చూస్తే అదే జీవి ఐరోపా పిండుల్లోనూ ఉంది. 2021లో వచ్చిన ఒక అధ్యయనంలో నాలుగు ఖండాలనుంచి ఐదువందల తోడుపిండ్లు తెప్పించి పరీక్షించారు. ఏ ఊరిదన్నదాన్నిబట్టి పెద్ద తేడా కనబడలేదు. ఇంకో ప్రయోగంలో వేర్వేరు దేశాల రొట్టెగాళ్ళకు ఒకే పిండి ఇచ్చి తోడు పెట్టమంటే, ఆ చేతుల మీది జీవులకూ పిండిలోని జీవులకూ పోలిక కనిపించింది. మా పిల్ల తెచ్చిన న్యూజెర్సీ పొట్లాన్ని నేను ముంతలో కలిపి ఏడాది దాటింది. ఇక్కడి మైదా తిని, ఈ ఎండలో పెరిగి, నా చేతులు పడి, అది ఈపాటికి నరసరావుపేటదే అయి ఉంటుంది. ఈ లెక్క పల్నాటి అభిమానులకూ వర్తిస్తుంది సుమా. మా గాలిలో, మా నాగులేటి నీళ్ళలో ఏదో మహిమ ఉందని నేను చెప్పబోవడం లేదు. మహిమంతా వేళకు చూసుకునే చేతిది. నేను కుడితితొట్టిలో వంపింది సూక్ష్మజీవులను కాదు, అవి మళ్ళీ పుడతాయి. అమ్మ రోజూ చేసే ఒక పనిని వంపేశాను.

ఆరోగ్య ప్రవచనాల మీద ఒక్క ముక్క. పుల్లరొట్టెలో గ్లూటెన్ ఉండదని ఎవరైనా చెబితే నమ్మకండి. గోధుమ రొట్టెలో గ్లూటెన్ ఉంటుంది, పులిస్తే మాయం కాదు, సీలియాక్ జబ్బున్నవాళ్ళు తినకూడదు. చద్దన్నంలో రాత్రికి రాత్రి ఇనుము ఇరవైరెట్లు పుడుతుందన్న వాట్సాపు సందేశాన్నీ నమ్మకండి. ఇనుము మూలకం, పులియబెడితే పుట్టదు. గింజలోని ఫైటిక్ ఆమ్లం విరిగి, ఉన్న ఇనుము ఒంటికి పట్టడం మెరుగవుతుంది. రెండు శిబిరాలవాళ్ళూ ఒకే రకం అబద్ధం ఆడుతున్నారు. హైదరాబాదులో నేను 450 రూపాయలు పోసి కొన్న ఒక "సౌర్‌డో" చుట్టుకాగితం మీద చిన్నక్షరాల్లో ఈస్టు, వెనిగరు అని ఉన్నాయి. బ్రిటన్‌లో ఇలాంటివాటిని వెక్కిరించడానికి రియల్ బ్రెడ్ కాంపెయిన్ వాళ్ళు సౌర్‌ఫో అని పేరే పెట్టారు. మన వెక్కిరింతలకు అలాంటి గురి ఎప్పుడొస్తుందో. మనం ఇంకా అంబలినే వెక్కిరిస్తున్నాం.

కలికుండను స్వర్ణయుగపు గుర్తుగా పూజించేవారుంటే వారికీ ఒక మాట చెప్పాలి. బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒక్క చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని గర్వంగా చెప్పుకునే నేల మాది. కారెంపూడిలో ఏటా వీరారాధన జరుపుకుంటాం. అదే నేలలో మా చిన్నతనాన కలికి తోడు కావలసివస్తే ఏ వాడవాళ్ళు ఏ వాడకు పోవచ్చో గీతలుండేవి. మా ఇంటి తోడు మాలపల్లెకు వెళ్ళేది, కూలికి వచ్చిన మనిషి ముంతలో పైనుంచి పోసేవారు. అటునుంచి ఇటు ఎప్పుడూ రాలేదు. పులిసే జీవికి లేని కులం ముంతకు ఉండేది. అది కూడా ఆ కుండతోపాటు పోయి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. కుండ ఒక్కటే పోయింది.

మరి నేను చేస్తున్నదేమిటి? మైదా 400 గ్రాములు, తెల్లజొన్నపిండి 100. జొన్నలో గ్లూటెన్ లేదు కనుక ఊరికే కలిపితే రొట్టె పొడిపొడిగా విరుగుతుంది. జొన్నరొట్టె తట్టే ప్రతి ఆడమనిషికీ తెలుసు, పిండిలో మరిగే నీళ్ళు పోసి కలిపితేనే అది పట్టుకుంటుందని. అదే చేస్తాను. 150 గ్రాముల సలసల కాగే నీళ్ళు జొన్నపిండిలో పోసి, చల్లారాక మైదా, ఇంకో 200 గ్రాముల నీళ్ళు, పది గ్రాముల ఉప్పు, తోడు. మేనెలలో తోడు యాభై గ్రాములు, డిసెంబరులో వంద. నాలుగుగంటలు ముంతల పక్కన, రాత్రంతా ఫ్రిజ్జులో. తెల్లవారి చిన్న ఓవెన్‌లో ఇనుప మూకుడు బాగా కాలనిచ్చి, రొట్టె వేసి మూతపెట్టి ఇరవై నిమిషాలు, మూత తీసి ఇంకో ఇరవై. పైపెంకు పటపటలాడుతుంది. లోపల మెత్తగా, కొంచెం బూడిదరంగులో, అంబలిని గుర్తుచేసే పులుపుతో ఉంటుంది.

అమ్మకు నచ్చలేదు. "తోలు నమిలినట్టుంది. పళ్ళున్నవాళ్ళు తినండి" అంది. ఆవిడ దృష్టిలో రొట్టె అంటే జ్వరమొచ్చినవాళ్ళకు పాలల్లో ముంచి పెట్టేది. మోడరన్ బ్రెడ్ వాళ్ళ కాగితం విప్పిన వాసనకే మాకు ఒళ్ళు వెచ్చబడేది ఆ రోజుల్లో. పుల్లరొట్టె ముక్కను అంబలిలో నానేసి తినడం మాత్రం ఈమధ్య మొదలుపెట్టింది.

మా మరదలికి ఈ రొట్టె చాలా ఇష్టం. వచ్చినప్పుడల్లా రెండు పట్టుకెళుతుంది. ఈసారి వచ్చినప్పుడు రొట్టెతోపాటు అంబలి గిన్నె కూడా బల్లమీద పెట్టాను. మూత తీసి ఉంచాను. ఆవిడ ఏమీ అనలేదు, కిటికీ మాత్రం తెరిచింది. తగువింకా తెగలేదు.

మా ఇసుక మీద ఇప్పుడు రెండు ముంతలున్నాయి. రెండోది కలిది. దాని తోడు మా ఊళ్ళో మా వీధిలో ఎవరింటా దొరకలేదు. ఒకప్పుడు మేము పైనుంచి పోసిన వాడలో, ఒక ముసలమ్మ ఇంట్లో దొరికింది. అడిగితే చెంబునిండా ఇచ్చింది.

నరసరావుపేట వైపు వచ్చే మిత్రులెవరికైనా రెండింట్లో ఏది కావాలన్నా ఇస్తాను. సీసా మీరు తెచ్చుకోండి. మూత బిగించకండి, బస్సులో పొంగుతుంది.